ద్రాక్షగుత్తికి చుట్టిన జవాబు పత్రం

బళ్లారిలో ఆ రోజుల్లో వైన్స్ అని బోర్డున్న కొట్లు వీధికొకటి ఉండేవి. ద్రాక్షతోటలు మాత్రం ఊరి చుట్టూ వెతికినా ఒకటో అరో. ఆ ఒకటి కురుగోడు పోయే దారిలో, కాలువ దాటాక ఎడమ పక్కన ఉండేది. అర ఎక్కడుందో నాకూ తెలియదు, మాట వరసకు అన్నాను.

తోట ముందు ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అని బోర్డు. మా జిల్లాలో అప్పట్లో ఆ మాటకు అర్థం వేరు. కర్టెన్లు కట్టిన గదులు, మసక దీపాలు, ఫ్యామిలీని ఇంట్లో వదిలేసి వచ్చిన మగవాళ్ళు. ఇక్కడ అవేవీ లేవు. ద్రాక్షపందిరి కింద ఆరు పొడుగాటి బల్లలు, ఒక్కో బల్లకు అటు నలుగురు ఇటు నలుగురు కూర్చునే బెంచీలు. తోటను చూసి ఆశపడి లోపలికొచ్చి, “తాగేకి ఏముండాదక్కా?” అని అడిగినవాళ్ళకు యజమానురాలు ఒకే జవాబు చెప్పేది.

“తీగలకి కొట్టే మందు తప్ప ఈడ వేరే మందు ల్యాదప్పా. మజ్జిగ ఉండాది, పొయ్యాల్నా?”

యాభై ఏళ్ళ మనిషి. ఆ తోట, దాని వెనక పొలం తాతల నాటివి. భర్త ఆ మధ్యే వ్యవసాయం వదిలి టిప్పర్లు కొన్నాడు. ఆమె వ్యవసాయాన్నీ తోటనూ కలిపి హోటలు చేసింది. ఆ హోటల్లో ఒక కట్టుబాటు ఉండేది: బల్ల నిండందే గిన్నె కదలదు. ఎనిమిది మంది కూర్చున్నాకే ఒక బుట్ట జొన్నరొట్టెలు, ఒక గిన్నె గుత్తొంకాయ, ఒక గిన్నె నాటుకోడి పులుసు, ఒక పళ్ళెంలో సెనక్కాయల పొడి వచ్చేవి. వాటిని చేతులు మార్చుకుంటూ ఎవరికి వాళ్ళు వడ్డించుకోవాలి. అంటే మీరు ఇద్దరే వెళ్తే, ముక్కూ మొహం తెలియని ఇంకో ఆరుగురు వచ్చేదాకా ఆకలితో కూర్చోవాలి. వాళ్ళు వచ్చాక వాళ్ళు మీ కుటుంబం. ఫ్యామిలీ రెస్టారెంట్ అంటే అదేనని నా లెక్క.

మా నాయన అక్కడికి తినడానికి పోలేదు. కాయ కోసం పోయాడు.

మాది పాత మిషను క్రైస్తవ సంఘం; చర్చిని మేము గుడి అనే అంటాం. నెలకొకసారి గుడిలో ప్రభువు బల్ల జరుగుతుంది. క్రీస్తు శరీరానికి గుర్తుగా ఒక రొట్టెముక్క, రక్తానికి గుర్తుగా వేలెడు గాజుకప్పులో గుక్కెడు ద్రాక్షరసం. ఆ రసం కాచేది మా ఇంట్లో. మా అవ్వ మిషను దొరసాని వంటింట్లో నేర్చుకున్న పని అది. ఆమె తర్వాత మా నాయన చేతికి వచ్చింది. పులియబెట్టింది కాదు. నల్లకాయ ఉడికించి, పలచని పంచెగుడ్డలో వడగట్టి, చల్లార్చి సీసాల్లో పోసేది. తాగితే ఎక్కేది భక్తి ఒక్కటే. మా నాయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఉద్యోగం ఆ రసమే.

కాయ ఎప్పుడూ ఆ తోటదే. అయితే కొండల్లో మైనింగు జోరందుకున్నాక కురుగోడు దారిలో కూడా లారీల వరస మొదలైంది. తీగలకు మందు కొట్టిన తడి ఆరకముందే దాని మీద ఎర్రదుమ్ము పడేది. పడింది కాయ తొక్కకు ఇంకో తొక్కలా అంటుకునేది. కడిగితే పోయేది కాదు, ఉడికిస్తే మాత్రం పోయేది, నేరుగా రసంలోకి. కిందటి క్రిస్మస్ బల్లలో కప్పు అడుగున ఎర్రటి ఒండ్రు పేరుకుంది. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద ఆ కప్పును మా నాయన మొహం ముందు పెట్టి నింపాదిగా అడిగాడు.

“ఏం సారూ, అడుగున ఖనిజం పడినట్టుండాదే. పర్మిట్ తీసుకోనుండారా?”

జనవరిలో కమిటీ కూర్చుని తేల్చింది: ఈస్టర్ నాటికి మట్టిలేని రసం, సంఘానికంతా సరిపడా నాలుగు సీసాలు తేగలిగితే సరి, లేదంటే ఇకపై బెంగళూరు నుంచి సీసాలు తెప్పిస్తారు. మా నాయన నోట్లో మన్ను కొట్టారని మా అమ్మ బాధ. ఆయనే సంఘం నోట్లో మన్ను కొట్టాడని కమిటీ వాదన. నేను ఎటూ చెప్పలేదు. నేను అప్పుడు ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీలకు కాగితాలు రాసేవాణ్ణి. ఆ దుమ్ములో ఒక చెంచాడు నా చేతిరాత వల్ల లేచిందే.

బజారు కాయ తెద్దామంటే దొరికేదంతా గింజల్లేని పచ్చకాయ. దాంతో కాస్తే రసం నిమ్మసోడా రంగులో ఉంటుంది. అది చూసి ఎవరికీ రక్తం గుర్తు రాదు.

అందుకని ఒక ఆదివారం గుడి వదిలాక ఇద్దరం స్కూటరు మీద తోటకు వెళ్ళాం. పందిరి నిండా నల్లగా మారబోయే గుత్తులు వేలాడుతున్నాయి. కింద జనం. కాయ కావాలని మా నాయన అడిగితే ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

“ఈ కాయ అమ్మేది కాదు సారూ, సూసేది.”

“సూసేదేందమ్మా?”

“అంగడోళ్ళు దుమ్ముకాయ వద్దని రెండేండ్లాయ. ఈ ఏడు నేను కోసేది నిలిపేస్తిని. అట్లే యాలాడితే జనాలు సూసేకి వస్తాండారు, దాని కింద కూకోని తింటాండారు, సెల్లులో ఫోటోలు పట్టుకుంటాండారు. కోసేస్తే బోడిపందిరి కింద ఎవురు కూకుంటారు?”

“కొయ్యేకి ఇంకా రెండు నెల్ల పైనే ఉండాది లే. ఇప్పుడు గుత్తులకి కాగితం చుడితే చాలు, దుమ్ము పడదు.”

“కాగితం చుడితే కాయ కనపడదు కదా సారూ! మా ఆయన లారీలు లేపిన దుమ్ము మా కాయ మీదనే పడతాండాది. ఇంగ ఎవుర్ని తిట్టేది? సాలు, ఊట చేసి పోండి.”

ఊట, అంటే భోజనం, చేసి పోదామని కూర్చున్నాం. అప్పుడు జరిగింది మా నాయన ఊహించనిది. బల్ల నిండింది, గిన్నెలొచ్చాయి, చేతులు బుట్ట మీదకు పోయాయి. మా నాయన కళ్ళు మూసి ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంట్లో అయితే అది రెండు నిమిషాల పని. కానీ ఎదుట కొత్తవాళ్ళు ఉంటే ఆయనకు పాతికేళ్ళ క్లాసురూము గుర్తొస్తుంది. వండినవారిని, పండించినవారిని, బాటసారులను, డ్రైవర్లను, వారి బ్రేకులను ఒక్కొక్కరిగా దేవునికి అప్పగించాడు. మిగిలిన ఆరుగురు రొట్టె మీద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయారు. పక్కనవాడు కళ్ళు మూసుకుని ఉంటే మనం నమలడం బాగోదు కదా. నేను ఒక కన్ను తెరిచి చూశాను. పులుసు మీద ఆవిరి సన్నబడుతోంది.

“ఆమెన్” అన్నాక, ఎదురుగా కూర్చున్నవాడు, ఆమె భర్త కాదు, ఇంకో టిప్పరు యజమాని, మెడలో వేలెడు లావు గొలుసున్న మనిషి, ఊపిరి వదిలాడు.

“పాదరీ సారూ, నా బ్రేకుల సంగతి ఆయనకి చెప్పింది శానా మంచిదాయ. ముద్ద మాత్రం సల్లారిపాయ.”

“నేను పాదిరిని కాదప్పా, మేష్ట్రుని.”

“రెండూ ఒకటే లే సారూ. ఇద్దరూ నిలబెట్టి చెప్తారు, మనం కూకోని వినాల.”

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాం. మా నాయన ధోరణి సులువు: రోజూ కనిపించే మనిషిని కాదనడం కష్టం. నా ధోరణి ఇంకా సులువు: స్కూటరు నడపడం, కోడిపులుసు తినడం. ఆమె ప్రతిసారీ కాదనేది. ఆయన ప్రతిసారీ నింపాదిగా, ద్రాక్ష ఏ దేశం నుంచి వచ్చింది, ఎక్కడెక్కడ పండుతుంది, ఎట్లా కాపాడాలి అని మొదలుపెట్టేవాడు. ఆమె సగంలో లేచి పొయ్యి దగ్గరకు పోయేది. మేము కూర్చునే చివరి బల్ల మాత్రం మా ప్రార్థనకు అలవాటుపడింది. టిప్పరు యజమాని ఆదివారం ఆ బల్ల మీదే కూర్చునేవాడు. బ్రేకుల తర్వాత టైర్లు వచ్చాయి. ఒకరోజు ఇంకో డ్రైవరు తన మామ మోకాళ్ళను కూడా జాబితాలో చేర్చమన్నాడు. రొట్టెలు చల్లారకుండా ఆమె బుట్ట మీద గుడ్డ కప్పి పంపేది.

ఫిబ్రవరి నడుమ ఆదివారం మా నాయన గొంతు పోయింది. దుమ్ముకు గొంతు పోవడం ఆ ఏడాది జిల్లాలో కొత్త సంగతి కాదు, మా నాయనకు పోవడం కొత్త. బల్ల నిండింది, గిన్నెలు వచ్చాయి, ఎవరూ చెయ్యి చాపలేదు. ఏడుగురు ఆయన వైపు చూశారు, ఆయన నా వైపు చూశాడు.

“ఏందప్పా, ఈ పొద్దు బ్రేకులు ల్యావా?” అన్నాడు టిప్పరు యజమాని.

“నాయనకి గొంతు పాయ.”

“నీకుండాది కదా. కానీ.”

నేను ఆదివారపు బడి నుంచి పారిపోయిన బాపతు. కళ్ళు మూసుకున్నాను. చీకట్లో ఏమీ కనపడలేదు. ఆఫీసులో ఐదేళ్ళుగా రాస్తున్న అర్జీలు గుర్తొచ్చాయి. వాటితోనే బండి నడిపాను. “ప్రభువా, ఈ క్రింద కూర్చున్నవారికి ఈ ఆహారము మంజూరు చేసినందుకు...” అని ఎత్తుకుని, రోడ్డు, వాహనాలు, ఆరోగ్యం అన్నీ విన్నవించి, ముగింపు ఎలా పలకాలో తోచక అలవాటు కొద్దీ “ఇట్లు, తమ విధేయుడు” అన్నాను.

బల్ల చుట్టూ కళ్ళు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి.

“సంతకం యాడ పెట్టాల?” అని అడిగాడు టిప్పరు యజమాని.

బల్ల మొత్తం పగలబడి నవ్వింది. పొయ్యి దగ్గర నుంచి ఆమె వచ్చి, విషయం విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయన నవ్వలేదు. నవ్వినా వినపడేది కాదు. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, బల్ల మీద పరిచిన కాగితం మీద రాసి ఆమె వైపు తిప్పాడు. *ఒక్క వరస ఇవ్వు తల్లీ. ఈస్టర్ దాకా.* అంతే ఉంది. ఆరు వారాలుగా ద్రాక్ష చరిత్ర చెప్పిన మనిషి ఇంత పొట్టిగా రాయగలడని నాకూ తెలియదు.

ఆమె దాన్ని కూడబలుక్కుని చదివింది.

“నోటితో అడిగితే కాదంటిని. రాసిచ్చినాక కాదనేదెట్ల?” అంది. తలపైకెత్తి చూసింది. “సరే. ఈ కడపటి బల్ల మింద వరస మీది. చెయ్యి కడిగే కొళాయి పక్కన, ఎవురూ ఫోటో తియ్యరు. కాగితాలు మీరే చుట్టుకోండి. సినిమా బొమ్మలుండే పేపరు మాత్రం వద్దప్పా, ఆడోళ్ళొస్తారు.”

ఆ వరసలో నలభై చిల్లర గుత్తులున్నాయి. నాలుగు సీసాలకు సరిగ్గా సరిపోతాయని మా నాయన లెక్క.

వార్తాపత్రికలు ఆయనకూ వద్దే. మంచు పడితే సిరా కాయకు అంటుతుందట. మందంగా ఉండి, సిరా ఊరని కాగితం కావాలి. మా ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. ఆయన పని చేసినన్నాళ్ళూ దిద్దిన తొమ్మిదో తరగతి సోషల్ జవాబు పత్రాలు, ఎవరైనా వచ్చి మార్కులు తిరిగి కూడమంటారేమోనని, ట్రంకు పెట్టెలో దాచాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ ఆదివారానికి ఆ పెట్టె నా స్కూటరు మీద తోటకు చేరింది. ఆయన బెంచీ ఎక్కి ఒక్కో గుత్తికి ఒక్కో పత్రం గొట్టంలా చుట్టి, అరటినారతో ముడివేశాడు. నేను కింద నుంచి కాగితాలు అందించాను. ఏ కాగితం ఏదో చూసుకోలేదు. అదే నా తప్పు.

తర్వాతి ఆదివారం మేము వెళ్ళేసరికి చివరి బల్ల దగ్గర నవ్వులు. టిప్పరు యజమాని మెడ ఎత్తి పైకి చూస్తూ, బల్లకంతా వినపడేలా చదువుతున్నాడు.

“ప్రశ్న: మన జిల్లాలో లభించు ఖనిజములను పేర్కొనుము. జవాబు: మన జిల్లాలో ఖనిజములు లేవు. మన్ను మాత్రము ఉన్నది.” ఆగి, నవ్వాపుకుని, “పదికి సున్నా. కింద ఎర్రసిరాతో ఏమో రాసినారు. ‘ఇంటికి రా, నీ పని చెబుతా.’ సారూ, ఎవురు సార్ ఈ మహానుభావుడు? బడి పిల్లోణ్ణి ఇంటికి పిలిచి ఏం చేస్తిరి?”

మా నాయనకు గొంతు తిరిగి వచ్చింది. అదీ ఆ రోజే వచ్చింది.

“పిలిచేదేంది, ఆడనే ఉంటాడు” అంటూ గడ్డంతో నన్ను చూపించాడు.

మైనింగు లారీలకు కాగితాలు రాసేవాడు తొమ్మిదో తరగతిలో జిల్లాలో ఖనిజాలే లేవని రాశాడన్న కబురు ఆ పందిరి కింద ఆరు బల్లలకూ పాకింది. ఆ పత్రం తీసేద్దామని బెంచీ ఎక్కబోతే మా నాయన చొక్కా పట్టి కిందికి లాగాడు.

“అది కప్పింది కాయని రా, నిన్ను కాదు. ఉండనీ.”

నవ్వి నవ్వి అలిసిన టిప్పరు యజమాని తర్వాతి గుత్తి చూశాడు, దాని పక్కది చూశాడు, నాలుగో దాని దగ్గర నిలబడిపోయాడు. ఈసారి పైకి చదవలేదు. పేరు, తరగతి, సెక్షను ఉన్న పైభాగాన్ని వేలితో తడిమాడు.

“సారూ... ఇది నాది.”

ఇన్ని వారాలు ఎదురెదురుగా కూర్చుని తిన్నా వీళ్ళిద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టలేదు. గొలుసు, పొట్ట, మీసం తీసేస్తే ఉండే కుర్రవాణ్ణి మా నాయన అప్పుడు పోల్చుకున్నాడు.

“వెనక బెంచీ. కిటికీ పక్క. పటం మాత్రం బాగా గీస్తాంటివి.”

“పద్దెనిమిది మార్కులు ఏసినారు సారూ.” ఆయన కాగితం మీద నుంచి వేలు తియ్యలేదు. “మీకు తిరిగిచ్చే ముందు మా నాయనకి సూపిస్తిని. ఆయనకి చదువు రాదు. పద్దెనిమిది పెద్దదే కదా అని హోటల్లో బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జి ఇప్పిచ్చినాడు.”

యాభైకి పద్దెనిమిది. ఆ లెక్క అప్పుడు ఎవరూ ఎత్తలేదు. ఆయన ఆ కాగితం అడిగాడు. మా నాయన బెంచీ ఎక్కి తన చేత్తోనే నార విప్పి, మడతలు సరిచేసి ఇచ్చాడు. గుత్తి బోసిగా వేలాడింది. వచ్చే వారం ఇంకో కాగితం చుడతానన్నాడు.

ఆ వచ్చే వారం నుంచే కథ అడ్డం తిరిగింది. టిప్పరు యజమాని ఆ పత్రానికి ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకున్నాడట. అది చూసినవాళ్ళు ఇంకొకరికి చెప్పారు. ఆ ట్రంకు పెట్టెలోని పిల్లలు ఇప్పుడు లారీలవాళ్ళు, ఎరువుల కొట్లవాళ్ళు, కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్లు. పెళ్ళాంబిడ్డలతో వచ్చేవాళ్ళు. తింటూ మెడలెత్తి పైన తమ పేరు కోసం వెతికేవాళ్ళు. దొరికినవాడు మా నాయన కాళ్ళకు దండం పెట్టేవాడు. “ఒరే, నీకు అక్బరు బాబరు తమ్ముడని ఎవర్రా చెప్పింది?” అంటూ ఆయన బెంచీ ఎక్కి నార విప్పేవాడు. వద్దనలేకపోయాడు. ఆయన రిటైరైన రోజు స్కూల్లో ఒక శాలువా, రెండు మాటలు, మిక్చరు పొట్లం ఇచ్చి పంపారు. ఇప్పుడు ఆదివారం ఆదివారం హాజరు పట్టీ నిండుతోంది.

“నాయనా, కాయ” అని నేను గుర్తుచేసేవాణ్ణి.

“మళ్ళ చుడతా లే. పెట్టె నిండా ఉండాయి కదా పత్రాలు.”

చుట్టినవాటిని కూడా అడిగి పట్టుకుపోయేవాళ్ళు. చుట్టడం వారానికొకసారి, విప్పడం గంటకొకసారి. ఆమెకు మాత్రం ఎప్పుడూ లేనంత గిరాకీ. చివరి బల్ల కోసం జనం వెనకాల నిలబడేవాళ్ళు. బల్ల నిండందే గిన్నె కదలదన్న కట్టుబాటు, గిన్నె ఖాళీ అయినా బల్ల కదలదన్న చోటికి వచ్చింది.

“కాయకన్నా కాగితమే బాగ పండింది సారూ” అందామె ఒకసారి. మా నాయన నవ్వాడు. నవ్వకూడదని అప్పటికి ఆయనకు తెలియలేదు.

ఈస్టరుకు ముందుది మట్టల ఆదివారం; ఆ తర్వాతి శనివారం లోపల కాయ కోయాలి. బుధవారం మధ్యాహ్నం వెళ్ళి పందిరి కింద నిలబడి లెక్కపెట్టాం. కాగితం ముడి ఊడనివి, మొదటి రోజు కట్టినవి కట్టినట్టే ఉన్నవి, పదకొండు. మిగతా గుత్తులన్నీ కనీసం ఒక వారమైనా బోసిగా వేలాడినవే. మా నాయన ఒక గుత్తి మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలు ఎర్రబడింది. పాతికేళ్ళు ఇన్విజిలేషన్ చేసిన మనిషి, తానే స్లిప్పులు అందించి క్లాసంతా కాపీ కొట్టించినవాడిలా నిలబడ్డాడు.

ఆ పదకొండు పత్రాలు ఎవరూ రాని పిల్లలవి. పైన పేర్లు చదివి ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఈ అమ్మాయిని ఆదోనికి ఇచ్చారు. వీడు బొంబాయిలో ఎక్కడో. వీడు పోయాడు, కాలవలో. ఈ పేరు ఎవరిదో గుర్తు లేదు, రాత మాత్రం ముత్యాలు. పదకొండోది నాది. ఖనిజములు లేవు. నాది అడగడానికి నాకు సిగ్గు, ఇంకెవరికీ అవసరం లేదు. అందువల్ల దాని కింద కాయ అన్నిటికన్నా శుభ్రంగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. నా సున్నా జీవితంలో ఒకరిని కాపాడిందంటే ఆ గుత్తినే.

యజమానురాలు తానే కత్తెర తెచ్చి కోసిచ్చింది. మిగతా గుత్తుల వైపు చూసి, “ఇవీ కోసుకోపో సారూ, బోడిపందిరైనా ఏమీ కాదు, ఇప్పుడు జనం నీ కాగితాలకే వస్తాండారు” అంది. మా నాయన తల అడ్డంగా ఊపాడు.

పదకొండు గుత్తులకు ఒక సీసా వచ్చింది, మెడ దాకా. వెలుతురుకు పట్టి చూస్తే ముదురు ఎరుపు, అడుగున ఏమీ లేదు. శుక్రవారం ఉదయం ఆయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని అయ్యగారింటికి, అంటే మా పాస్టరు గారింటికి, తీసుకుపోయాడు. నేను వెంట వెళ్ళాను. కమిటీ పెద్ద కూడా అక్కడే ఉన్నాడు. బెంగళూరు సీసాలు అప్పటికే బీరువాలో ఉన్నాయి. ఆయన తెలివైనవాడు, కాదు, జాగ్రత్తపరుడు.

అయ్యగారు చెంచాతో రుచి చూశాడు. నాలుకతో పళ్ళ వెనక తడిమాడు.

“మన్ను లేదు సార్.”

“ల్యాదయ్యగారూ.”

“నాలుగు సీసాలన్నాం కదా” అన్నాడు కమిటీ పెద్ద. మాటలో వెటకారం లేదు, అదే ఇబ్బంది.

“ఒకటే అయ్యింది. తప్పు నాదే.” దుమ్ముది అని చెప్పవచ్చు. లారీలది అనవచ్చు. కొడుకుది, అంటే నాది, అని కూడా అనవచ్చు. అనలేదు.

ఆ ఈస్టరుకు గుడిలో బెంగళూరు రసం పోశారు. తియ్యగా, చల్లగా, దగ్గు మందులా ఉంది. ఆ బల్ల మా ఇంటి నుంచి అలా పోయింది. కానీ అయ్యగారు మా సీసాను తిరిగి ఇవ్వలేదు. మంచం దిగలేక గుడికి రాలేనివాళ్ళు సంఘంలో ఎనిమిది తొమ్మిది మంది ఉండేవారు. వాళ్ళకు నెలకొకసారి ఇంటికే బల్ల తీసుకుపోతారు. తలకొక చెంచా. ఏడాదికి ఒక సీసా చాలు. “ఇది వాళ్ళకుంచుతాను సార్. ప్రతి ఏడూ ఒకటి ఇవ్వండి” అన్నాడాయన. మా నాయన “ఆ” అన్నాడు. పెద్ద స్కూలు నుంచి రాత్రి బడికి బదిలీ అయిన మేష్ట్రు మొహం పెట్టాడు గానీ, ఆర్డరు మాత్రం తీసుకున్నాడు.

ఈస్టరు మరునాడు అయ్యగారి బండి చెడితే నా స్కూటరు మీద ఆయన్ను ఆ ఇళ్ళకు తిప్పాను. రైలు పట్టాల వెనక ఒక ఇంట్లో పెద్దామె ఉండేది. కళ్ళు పోయాయి, చెవులు నాలుక బాగానే ఉన్నాయి. మా అవ్వ కాచిన కాలం నుంచి ఆ రసం తాగుతున్న మనిషి. అయ్యగారు వాక్యం చదివి, రొట్టెముక్క పెట్టి, చెంచా అందించాడు. ఆమె మింగి, నాలుక ఆడించి, మళ్ళీ ఆడించింది. వెతుకుతున్నట్టుంది.

“అయ్యగారూ, ఇది మన సారు కాచింది కాదే.”

“ఆయనదే అవ్వా. కొడుకు ఈడనే ఉండాడు.”

“యాడి కాయప్పా ఇది?” అని నా వైపు, అంటే కొంచెం పక్కకు, తిరిగి అడిగింది.

“కురుగోడు దావలో తోటదే అవ్వా.”

“మన తోటదా? మన మన్ను ల్యా దీంట్లో.” నమ్మకం కుదరనట్టు పెదవి విరిచింది. “రెండేండ్లుగా పంటికి తగుల్తాండె. ఇప్పుడు ల్యాదు. ఏమో, బాగనే ఉండాది లే.”

ఇంటికొచ్చి ఆ మాట మా నాయనకు చెప్పాను. ఆయన వసారాలో పదకొండు పత్రాలనూ నీడన ఆరబెట్టి, పెట్టెలో సర్దుతున్నాడు. వచ్చే ఏడాది దేనితో చుట్టాలో అప్పటికే నిర్ణయించుకున్నాడు: సిమెంటు సంచుల లోపలి కాగితం. దాని మీద ఎవరి పేరూ ఉండదు. ఆమె మాట విని చెయ్యి ఆపాడు. పైనున్న పత్రం తీసి కళ్ళద్దాలు ముక్కు మీదకు దించుకుని చదివాడు. *మన జిల్లాలో ఖనిజములు లేవు. మన్ను మాత్రము ఉన్నది.* ఆ పత్రాన్ని అంతసేపు ఆయన దిద్దేటప్పుడు కూడా చూసి ఉండడు. జేబులో ఎర్రపెన్ను ఉంది. చెయ్యి దాని దాకా పోయింది.

పోయి, తిరిగి వచ్చింది. పత్రం మడిచి పెట్టెలో మిగతావాటి కింద పెట్టాడు. మార్కు మార్చలేదు.

“ఆమెకి వచ్చే నెల చెంచా నిండా పొయ్యమను అయ్యగార్ని” అన్నాడు.